పిల్లలతో విదేశాలకు: ఏ దేశం, ఏ ఊరు, ఏ వీధి?

చిన్నపిల్లలతో విదేశాల్లో స్థిరపడాలనుకుంటున్న పాఠకుల ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. వీసా నిబంధనలు, రుసుములు తరచూ మారుతుంటాయి. దరఖాస్తు పెట్టేముందు ఆయా దేశాల ప్రభుత్వ వెబ్‌సైట్లలో మరోసారి సరిచూసుకోండి.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు మూడు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, మావారు అకౌంటెంట్. జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియా మూడూ చూస్తున్నాం. ఎవరిని అడిగినా తాము ఉంటున్న దేశమే మంచిదంటున్నారు. దేన్నిబట్టి తేల్చుకోవాలి?

జవాబు: పాప వయసును బట్టి. మూడేళ్ల బాబు ఎక్కడైనా ఒదిగిపోతాడు. తొమ్మిదేళ్ల పిల్లకు మాత్రం ఒక్కో దేశపు చదువు ఒక్కో గడువు పెడుతుంది.

జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అయిపోగానే, అంటే పదేళ్లకే, పిల్లల్ని వేర్వేరు రకాల బడులకు విడదీస్తారు. యూనివర్సిటీకి నేరుగా దారితీసే బడి గిమ్నాజియుమ్. బవేరియా రాష్ట్రంలో అందులో నేరుగా చేరాలంటే జర్మన్, లెక్కలు, పరిసరాల పాఠం మూడింటి సగటు గ్రేడు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలి. అక్కడ 1 అంటే అత్యుత్తమం. సగటు అందకపోతే విడిగా పరీక్షా తరగతులకు కూర్చోవాలి. జర్మన్ ముక్క రాని పిల్ల మూడో తరగతి మధ్యలో దిగితే ఏడాదిన్నర కూడా గడవకముందే ఈ మలుపు వచ్చి మీద పడుతుంది. లెక్కల్లో ఎంత చురుకైన పిల్లయినా ప్రశ్న అర్థం కాక మార్కులు పోగొట్టుకుంటుంది. పిల్లలో లోపమేమీ లేదు, వెళ్లిన సమయంలోనే ఉంది. అయినా జర్మనీకే వెళ్లాలనుకుంటే రెండు దారులున్నాయి. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రాల్లో ప్రాథమిక బడి ఆరో తరగతి దాకా నడుస్తుంది కాబట్టి రెండేళ్లు కలిసొస్తాయి. లేదంటే అన్ని దారులూ తెరిచి ఉంచే గెజామ్ట్‌షూలె రకం బడి దగ్గర్లో ఉన్న ఊరు ఎంచుకోండి.

మీ బాబు సంగతికొస్తే జర్మనీ మంచి చోటే. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ కీటాలో, అంటే శిశు సంరక్షణ కేంద్రంలో, సీటు చట్టబద్ధమైన హక్కు. 2013 ఆగస్టు నుంచి ఇది అమల్లో ఉంది. హక్కు ఉన్నంత మాత్రాన సీటు సిద్ధంగా ఉండదు. పెద్ద నగరాల్లో నెలల ముందే పేరు నమోదు చేయించి, కనీసం పదీ పదిహేను కీటాలకు విడివిడిగా రాయాలి. ఫీజు ఊరిని బట్టి మారుతుంది. బెర్లిన్‌లో 2018 నుంచి భోజనం ఖర్చు తప్ప తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకోవడం లేదు.

చాలామంది ముందుగా లెక్కలోకి తీసుకోని విషయం ఒకటుంది. సీటు దొరికిన రోజే పిల్లవాణ్ణి వదిలేసి ఆఫీసుకు వెళ్లడం కుదరదు. పిల్లల్ని మెల్లగా అలవాటు చేయడానికి చాలా కీటాలు పాటించే బెర్లిన్ పద్ధతిలో మొదటి మూడు రోజులు తల్లో తండ్రో గదిలోనే, రోజుకో గంట చొప్పున, పిల్లవాడితో కూర్చుంటారు. నాలుగో రోజు మొదటిసారి గది బయటకు వెళతారు, అదీ గరిష్ఠంగా అరగంట. ఆ నాలుగో రోజు సోమవారమైతే మంగళవారానికి మారుస్తారు, ఎందుకంటే రెండు రోజుల సెలవు తర్వాత పిల్లలు మళ్లీ బెంగపడతారు. టీచరు ఓదార్చినా ఏడుపు ఆగకపోతే వెంటనే లోపలికి పిలుస్తారు, వ్యవధి రెండు మూడు వారాలకు పెరుగుతుంది. కాబట్టి మీ ఇద్దరి ఉద్యోగాలూ ఒకే నెలలో మొదలయ్యేలా ఒప్పుకోకండి. ఒకరి చేరిక తేదీని కనీసం నెల రోజులు వెనక్కి జరపమని ఆఫర్ లెటర్ దశలోనే అడగండి.

ఆరోగ్య బీమా కూడా అక్కడ ముందే తేల్చుకోవలసినదే. ప్రభుత్వ పద్ధతి బీమాలో ఉంటే పిల్లలు అదనపు చందా లేకుండా చేరతారు. జీతం ఎక్కువని ప్రైవేటు బీమాకు వెళితే ఒక్కో బిడ్డకూ విడిగా చందా కట్టాలి, తిరిగి ప్రభుత్వ బీమాలోకి రావడమూ తేలిక కాదు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ప్రైవేటు బీమా వద్దనే మా సలహా.

కెనడా దగ్గర లెక్క వేరు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పాయింట్ల పద్ధతిలో ఎంపికైతే దిగిన రోజునుంచే నలుగురూ పర్మనెంట్ రెసిడెంట్లు. పాపను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని ఇంగ్లిష్‌కు అదనపు సాయం అందిస్తారు, పదేళ్లకే దారి విడదీసే పరీక్ష ఏదీ లేదు. క్యుబెక్ రాష్ట్రంలో మాత్రం వలస వచ్చిన వారి పిల్లలు సాధారణంగా ఫ్రెంచ్ ప్రభుత్వ బడిలోనే చేరాలి, ఇది 1977 నాటి చట్టం. వైద్యం రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఆంటారియోలో నిరీక్షణ గడువును 2020లో ఎత్తేశారు. బ్రిటిష్ కొలంబియాలో దిగిన నెలలో మిగిలిన రోజులూ, ఆపై రెండు నెలలూ ఆగాలి. ఆ ఖాళీకి పిల్లలకు ప్రైవేటు బీమా కొనకుండా విమానం ఎక్కకండి. మీవారి అకౌంటెంట్ అర్హతను అక్కడి వృత్తి సంస్థ మళ్లీ మదింపు చేస్తుంది, అందులో సమయం పోతుంది. ఒక మాట, పాయింట్లలో మీ వయసూ లెక్కకొస్తుంది. 30 నుంచి ఏటా తగ్గుతూ 45కి సున్నా అవుతుంది. వెళ్లాలనుకుంటే ఏళ్ల తరబడి ఆలోచించే వ్యవహారం కాదు.

ఆస్ట్రేలియాలో తేడా అంతా వీసా రకంలో ఉంది. పర్మనెంట్ వీసాతో వెళితే ప్రభుత్వ బడి ఉచితం, డేకేర్ ఫీజులో సబ్సిడీకీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. తాత్కాలిక ఉద్యోగ వీసాతో న్యూ సౌత్ వేల్స్‌కు వెళితే ప్రభుత్వ బడికి కూడా ఏటా ఫీజు కట్టాలి, డేకేర్ సబ్సిడీ ఉండదు. సిడ్నీలో ఘనంగా కనిపించిన జీతం ఈ రెంటితోనే కరిగిపోతుంది. బాబు విషయంలో రాష్ట్రాన్ని కూడా చూడాలి. ఉదాహరణకు 2021 జులై 10న పుట్టిన బిడ్డ న్యూ సౌత్ వేల్స్‌లో 2026 విద్యా సంవత్సరంలోనే బడిలో చేరవచ్చు, ఎందుకంటే అక్కడ ఐదేళ్లు నిండడానికి గీత జులై 31. విక్టోరియాలో గీత ఏప్రిల్ 30, క్వీన్స్‌లాండ్‌లో జూన్ 30. ఆ రెండు చోట్లా అదే బిడ్డ 2027 దాకా ఆగాలి. అంటే ఇంకో ఏడాది డేకేర్ బిల్లు. పైగా అక్కడి విద్యా సంవత్సరం జనవరి చివర్లో మొదలవుతుంది, కాబట్టి పాప అరసంవత్సరం వెనక్కో ముందుకో జరగక తప్పదు. అరసంవత్సరం వెనక్కి జరగడమే పిల్లకు మేలు.

మీ ఇద్దరు పిల్లల వయసులు చూస్తే, విమానం ఎక్కేముందే పర్మనెంట్ హోదా చేతికిచ్చే దేశానికే మా ఓటు. కెనడా, ఆస్ట్రేలియాల్లో ఏది ముందు ఇస్తే అది. పాపకు ఐదేళ్లే అయి ఉంటే జర్మనీని మొదటి స్థానంలో పెట్టేవాళ్లం.

ప్రశ్న: మావారికి లండన్ శివార్లలో ఉద్యోగం వచ్చింది, మూడేళ్ల వీసా. నేను కూడా ఉద్యోగం చూసుకుంటాను. పాపకు ఆగస్టులో నాలుగు నిండుతాయి. ఇల్లు ముందు చూసుకోవాలా, బడి ముందా?

జవాబు: రెంటికన్నా ముందు బడి వదిలే సమయం చూసుకోండి. ఇంగ్లండ్‌లో ప్రాథమిక బడులు మధ్యాహ్నం 3:15 ప్రాంతంలో వదిలేస్తాయి. ఆఫీసు వదిలేది 5:30కి. మధ్యలో ఉన్న ఆ రెండు మూడు గంటలు పాప ఎక్కడుంటుందన్నదే మీ ఇల్లు ఎక్కడుండాలో తేలుస్తుంది. బడి బాగుందని, దాని పక్క వీధిలో ఇల్లు తీసుకున్నాక బడి వదిలాక పిల్లల్ని చూసుకునే ఆఫ్టర్ స్కూల్ క్లబ్‌లో ఖాళీ లేదని తెలిసి, ఒకరు ఉద్యోగం మానుకోవలసి వచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. మీకు నచ్చిన నాలుగైదు బడుల ఆఫీసులకు ఈమెయిల్ రాసి రెండే అడగండి: క్లబ్ ఎన్నింటి దాకా ఉంటుంది, రిసెప్షన్ అనే మొట్టమొదటి తరగతి పిల్లలకు ఇప్పుడు చోటుందా.

ఆ తర్వాత దూరం. ఆగస్టు 31 లోపు నాలుగు నిండే పిల్లలు ఆ సెప్టెంబరులోనే రిసెప్షన్‌లో చేరతారు. దరఖాస్తుకు గడువు జనవరి 15, సీట్ల ప్రకటన ఏప్రిల్ 16. గడువు దాటాక దిగేవారికి మిగిలిన సీట్లే. చిన్న తరగతుల్లో 30 మందికి మించి చేర్చుకోకూడదన్న చట్టం ఉంది కాబట్టి గోడ పక్క ఇల్లయినా సీటు రాకపోవచ్చు. అందుకే ప్రతి కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, ఏటా ప్రకటించే ఒక అంకెను వెతకండి: ఫలానా బడిలో కిందటేడు ఆఖరి సీటు పొందిన బిడ్డ ఇల్లు ఎంత దూరంలో ఉంది. పేరున్న బడుల్లో అది అర కిలోమీటరు కూడా ఉండకపోవచ్చు. ఆ అంకెలో సగం దూరంలోపు ఇల్లు చూసుకుంటే ధైర్యంగా ఉండవచ్చు. చర్చి నడిపే బడులకు మతం నిబంధన కూడా ఉంటుంది, ప్రవేశ విధానం పేజీ చదవండి. తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ నివేదికలో కొత్తగా చేరిన పిల్లల గురించీ ఇంగ్లిష్ రాని పిల్లల గురించీ ఏం రాశారో చూడండి, గ్రేడు కన్నా అదే మీకు పనికొస్తుంది.

చాలా కౌన్సిళ్లు అద్దె ఒప్పందం చూపనిదే చిరునామాను లెక్కలోకి తీసుకోవు. హోటల్, స్వల్పకాల అద్దె గదుల చిరునామా చెల్లదు. అలాగని దూరం నుంచి ఫొటోలు చూసి అద్దె ఒప్పందం మీద సంతకం చేయకండి. ఒకరు రెండు వారాలు ముందు వెళ్లి, ఉదయం 8:30కి బడి వీధిలో నిలబడి చూడాలి. రోడ్డు దాటడం ఎలా ఉందో, నడకలో ఎన్ని నిమిషాలు పడుతుందో అప్పుడే తెలుస్తుంది. ఇంట్లో బీరువాల వెనక గోడ తడిమి చూడండి. అక్కడి పాత ఇళ్లలో చెమ్మ, బూజు మామూలే, పిల్లల ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. ఈ హడావుడిలో సీటు ఆలస్యమైతే బెంగపడకండి. ఐదో పుట్టినరోజు తర్వాత వచ్చే టర్మ్ నుంచే బడి తప్పనిసరి.

డబ్బు సంగతి. ఆరోగ్య సర్‌ఛార్జి పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మూడేళ్లకూ ఒకేసారి ముందే కట్టాలి. మీ ముగ్గురికీ కలిపి 8,538 పౌండ్లు, వీసా రుసుము వేరే. ఆ భారం కంపెనీ భరిస్తుందా, మీకూ పాపకూ కూడా భరిస్తుందా అని విడిగా అడగండి. మీ వీసాపై ప్రభుత్వ ఆర్థిక సాయం ఉండదన్న షరతు ఉంటుంది కాబట్టి చైల్డ్ బెనిఫిట్ రాదు. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ ఉన్న వారానికి 15 గంటల ఉచిత నర్సరీ మాత్రం వస్తుంది. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటలు మీకు వర్తించవు. బడ్జెట్ వేసేటప్పుడు ఈ రెంటినీ కలిపేసి మోసపోకండి.

ప్రశ్న: మావారు అమెరికాలో హెచ్‌–1బి మీద ఉన్నారు. పిల్లలకు 11, 7 ఏళ్లు. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకుని మేమూ వెళ్లి స్థిరపడిపోదామా?

జవాబు: వెళ్లండి, కానీ స్థిరపడిపోయామని మాత్రం అనుకోకండి. మీ పెద్దబ్బాయికి అసలు గడువు 21వ పుట్టినరోజు. ఆ రోజుతో హెచ్‌–4, అంటే ఉద్యోగి కుటుంబానికిచ్చే హోదా, పోతుంది. ఆలోగా గ్రీన్‌కార్డు రాకపోతే విద్యార్థి వీసాకు మారాలి, లేదా దేశం వదలాలి. ఉపాధి గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి ఇవ్వరు. భారత్‌లో పుట్టినవారికి ఈబీ–2, ఈబీ–3 అనే ఉపాధి వర్గాల్లో నిరీక్షణ పదేళ్లు దాటిపోయింది. 2002 నాటి పిల్లల హోదా రక్షణ చట్టం వయసులోంచి కొంత తగ్గిస్తుంది, కానీ ఐ–140, అంటే యజమాని పెట్టే గ్రీన్‌కార్డు పిటిషన్, పరిశీలనలో ఉన్న రోజులను మాత్రమే, వరుసలో నిలబడ్డ ఏళ్లను కాదు. కాబట్టి ముందు మీవారి ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు వరుసలో చేరిన తేదీ, ఎప్పటిదో చూడండి. అది ఇంకా మొదలే కాకపోతే, పదేళ్ల చదువంతా అక్కడ చదివిన పిల్లవాడు కాలేజీ మధ్యలో హోదా మార్చుకోవలసి రావచ్చు. అప్పటికి వేరే దేశానికి దారి ఉండేలా ఇప్పుడే ఇంకో దరఖాస్తు కూడా నడపడం మంచిది.

ఇల్లు చూసేటప్పుడు అది ఏ ఏడు కట్టారో అడగండి. 1978కి ముందు ఇళ్లలో సీసం కలిసిన రంగు ఉండవచ్చు, తెలిసిన సమాచారాన్ని యజమాని రాతపూర్వకంగా చెప్పాలన్నది ఫెడరల్ చట్టం. ఆరేళ్లలోపు పిల్లలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ప్రశ్న: మేం వెళ్లి మూడు నెలలైంది. ఎనిమిదేళ్ల బాబు బడిలో నోరు విప్పడం లేదట. ఊరు మార్చాలా?

జవాబు: వద్దు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని నెలలు విని ఊరుకోవడం మామూలే. ఆటల్లో మాట్లాడే భాష ఒకటి రెండేళ్లలో వస్తుంది. పాఠ్యపుస్తకం భాష తోటివారి స్థాయికి చేరడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని భాషావేత్త జిమ్ కమిన్స్ చూపించారు. రెండో ఏడు వాడు గలగలా మాట్లాడుతుంటే బడివాళ్లు అదనపు సాయం ఆపేస్తారు, అప్పుడు పట్టుబట్టి కొనసాగించమనండి. ఇంట్లో మీ భాష ఆపకండి. ఇంట్లో మీ భాషలోనూ మాటలు తగ్గిపోతే మాత్రం వినికిడి పరీక్ష చేయించండి, నేర్చుకునే సామర్థ్యాన్ని ఇంటి భాషలోనే పరీక్షించమని అడగండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఆటిజం. ఏ దేశానికి దరఖాస్తు పెట్టినా తిరస్కరిస్తారని ఏజెంట్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: అన్ని దేశాలకూ ఒకే మాట వర్తించదు. ఆస్ట్రేలియా పర్మనెంట్ వీసాలో బిడ్డకు అయ్యే వైద్య, సేవల ఖర్చును అంచనా వేస్తారు. 2024 జులైలో ఆ పరిమితిని 86,000 ఆస్ట్రేలియన్ డాలర్లకు పెంచారు. దాటితే ఒక్కరికి కాదు, కుటుంబం మొత్తానికీ నిరాకరణ. నైపుణ్యాన్ని బట్టి ఇచ్చే 189, 190 వీసాల్లో మినహాయింపు అడిగే వీలు లేదు. యజమాని స్పాన్సర్ చేసే కొన్ని వీసాల్లో ఉంది, కాబట్టి మీరు ఎంచుకునే వీసా నంబరే ఇక్కడ కీలకం. న్యూజిలాండ్ కూడా ఖర్చు పరిమితి పెడుతుంది. కెనడా 2018లో పరిమితిని మూడింతలు చేసి, ప్రత్యేక విద్య ఖర్చును లెక్కలోంచి తీసేసింది. మందులు, ఆసుపత్రి అవసరం పెద్దగా లేని ఆటిజం పిల్లలకు ఇది చాలా పెద్ద ఊరట. బ్రిటన్ ఉద్యోగ వీసాకు ఇలాంటి ఖర్చు పరీక్షే లేదు, అడిగేది క్షయ లేదన్న సర్టిఫికెట్. అయితే వీసా రావడం వేరు, థెరపీ దొరకడం వేరు. ఏ ఊరు వెళ్లాలన్నది అక్కడి నిర్ధారణ పరీక్షకు నిరీక్షణ ఎన్ని నెలలో అడిగి తేల్చుకోండి. ఇక్కడి నిర్ధారణ నివేదిక, థెరపిస్ట్ తాజా నివేదిక ఇంగ్లిష్‌లో తీసుకెళ్లండి. వైద్య పరీక్షలో ఏదీ దాచకండి. దాచింది బయటపడితే, ఖర్చు పరిమితి లోపే ఉన్న కేసు కూడా తప్పుడు సమాచారం కింద పోతుంది.

ప్రశ్న: సింగపూర్‌లో పర్మనెంట్ రెసిడెన్సీ తీసుకుంటే మా ఇద్దరబ్బాయిలకు ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ఉంది. తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌తో హోదా పొందిన మగపిల్లలు పదహారున్నరేళ్లకు పేరు నమోదు చేసుకుని, 18 నిండాక రెండేళ్లు జాతీయ సేవ, అంటే సైన్యంలోనో పోలీసులోనో తప్పనిసరి సేవ, చేయాలి. చేయకుండా హోదా వదులుకుంటే ముందుముందు అక్కడ చదువుకో, ఉద్యోగానికో పెట్టే దరఖాస్తుల మీద ప్రభావం పడుతుంది. దరఖాస్తులో పిల్లల పేర్లు చేర్చేముందే నిర్ణయించుకోవలసిన విషయం ఇది.

ప్రశ్న: పిల్లల కాగితాల్లో ఎక్కువగా ఎక్కడ ఇరుక్కుంటారు?

జవాబు: పేర్లలో, టీకాల్లో. జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే, ఇనీషియల్ విస్తరణతో సహా ఉండాలి. తేడా ఉంటే సరిచేయించడానికి నెలలు పడుతుంది, మొదట చేయించాల్సిన పని అదే. మన అపోస్టిల్‌ను, అంటే పత్రాల అంతర్జాతీయ ధ్రువీకరణను, గుర్తించే దేశంలో చూపే పత్రాలకు అది వేయించండి. కెనడా కూడా 2024 జనవరి 11 నుంచి దాన్ని గుర్తిస్తోంది. టీకా కార్డులో ప్రతి డోసుకూ తేదీ, డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. తేదీ లేని టీకాను వేయనట్టే లెక్కగట్టి మళ్లీ వేస్తారు. జర్మనీలో 2020 మార్చి 1 నుంచి తట్టు టీకా రుజువు లేనిదే కీటాలో చేర్చుకోరు. ఆస్ట్రేలియాలో డేకేర్ సబ్సిడీ టీకాలతో ముడిపడి ఉంది. బీసీజీ వేయించుకున్న పిల్లలకు క్షయ చర్మ పరీక్ష పాజిటివ్‌గా కనిపించవచ్చు. అలా వస్తే కంగారుపడకుండా రక్తపరీక్ష చేయమని అడగండి. బడి నుంచి టీసీతో పాటు రెండేళ్ల ప్రగతి పత్రాలు ఇంగ్లిష్‌లో తీసుకోండి.

ప్రశ్న: రెండేళ్లు ఉండి చూసి, నచ్చకపోతే వెనక్కి వచ్చేద్దాం అంటున్నారు మావారు. వెనక్కి రావడం అంత తేలికా?

జవాబు: హోదా వరకు గడువులు తెలుసుకుంటే చాలు. కెనడాలో ఐదేళ్లలో 730 రోజులు ఉంటే పర్మనెంట్ హోదా నిలుస్తుంది. జర్మనీలో మామూలు అనుమతితో ఆరు నెలలకు మించి బయట ఉంటే అది రద్దవుతుంది, అధిక నైపుణ్య ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డుకు 12 నెలలు. చదువు వరకు, పెద్ద బిడ్డ ఎనిమిదో తరగతికి రాకముందే తిరిగొస్తే సర్దుకోవడం సులువు.

తేలిక కానిది ఇంకొకటి ఉంది, చాలామంది దంపతులు అసలు మాట్లాడుకోనిది. పిల్లలు ఒక దేశంలో కుదురుకున్నాక, ఒకరు వద్దంటే రెండోవారు వాళ్లను తీసుకుని వచ్చేయడం చట్టం ముందు అపహరణ అవుతుంది. 1980 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలు పిల్లల్ని వాళ్ల నివాస దేశానికి తిప్పి పంపమంటాయి. భారత్ ఆ ఒప్పందంలో చేరలేదు, అయినా అక్కడి కోర్టు ఉత్తర్వు, పోలీసు కేసు మీ వెంటే ఉంటాయి. ఇద్దరిలో ఒకరే ముందు వెళ్తున్నా, ఒకరే సెలవులకు పిల్లల్ని తెస్తున్నా, ప్రయాణ తేదీలు రాసి ఇద్దరూ సంతకం చేసి నోటరీ చేయించిన సమ్మతి పత్రం దగ్గర ఉంచుకోండి. రెండేళ్ల తర్వాత ఏం చేస్తామన్నదీ, ఎవరి ఉద్యోగం పోతే ఏం చేస్తామన్నదీ బయల్దేరకముందే ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ ఒప్పుకోండి. ఆ కాగితం కోర్టును కట్టిపడేయదు. కానీ వెళ్లింది రెండేళ్లకేనని ఇద్దరూ అనుకున్నారనడానికి అది రుజువుగా నిలుస్తుంది, పిల్లల నివాస దేశం ఏదో తేల్చేటప్పుడు జడ్జి దాన్ని చూస్తారు.